పీకిన బుల్లెట్లు చవకగా ఇస్తున్నారు, కొనవచ్చా?

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటున్నాను, గ్రీన్ కార్డు ఉంది. .308 రైఫిల్‌తో వారాంతాల్లో రేంజిలో వంద గజాల దూరానికి సాధన చేస్తుంటాను. ఖర్చు తగ్గించుకుందామని రీలోడింగ్, అంటే కాల్చిన ఇత్తడి కేసులను మళ్లీ నింపుకోవడం, నేర్చుకుని, పుస్తకం ముందు పెట్టుకుని జాగ్రత్తగానే తూటాలు తయారు చేసుకుంటున్నాను. ఈమధ్య గన్ షోలో ఒకాయన సైనిక మిగులు తూటాల నుంచి పీకిన 7.62 మిల్లీమీటర్ల బుల్లెట్లు (మొన ముక్కలు మాత్రమే) వెయ్యి, వంద డాలర్లకు ఇస్తానన్నాడు. కొత్తవైతే దానికి రెట్టింపు పడతాయి. నమూనాకు రెండు గుప్పెళ్లు ఇచ్చాడు. కొన్నింటి పక్కన గీతలున్నాయి, కొన్నింటికి నల్లటి జిగురు అంటుకుని ఉంది. పదింట ఒకటి అయస్కాంతానికి అతుక్కుంటోంది. వెయ్యీ తీసుకుంటే ఒక సీసాడు తుపాకీ మందు కూడా ఉచితమట. ఇవి పనికొస్తాయా? మా బావమరిది హెచ్-1బీ మీద ఉన్నాడు, సగం తను తీసుకుంటానంటున్నాడు. ఇంకొక మాట. మా నాన్నగారు సైన్యంలో ఎస్.ఎల్.ఆర్. రైఫిల్ వాడినవారు. ఈసారి ఊరికి వచ్చేటప్పుడు ఆయనకు చూపించడానికి రెండు బుల్లెట్లు తీసుకురావచ్చా?

సమాధానం: బుల్లెట్ల సంగతికి ముందు మీ బావమరిది సంగతి తేల్చేద్దాం. అందులో కొలతలూ తూనికలూ లేవు, చట్టం ఒక్కటే ఉంది. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని అమెరికా సమాఖ్య చట్టం 1998 నుంచి చెబుతోంది. ‘నేను తుపాకీ కొనడం లేదు కదా, ఉత్త బుల్లెట్లే కదా’ అని ఆయన అనవచ్చు. ఆ చట్టం దృష్టిలో ఉత్త బుల్లెట్లు కూడా తూటాలే. ఖాళీ ఇత్తడి కేసులు, మందును అంటించే ప్రైమర్లు, మందు, బుల్లెట్లు, వీటిలో ఏది విడిగా ఉన్నా తూటా కిందే లెక్క అని నిర్వచనంలోనే రాసి ఉంది. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. వాటిలో మనవాళ్లకు పనికొచ్చేది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అది ఆయన చేతిలో ఉంటే ముందు వకీలును అడిగి మాట్లాడండి. లేకపోతే సగం వాటా మాట మరిచిపోండి. పట్టుబడితే జైలు ఒక్కటే కాదు, ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న గ్రీన్ కార్డు కూడా చేజారుతుంది. మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటుంటే మీ సామాను తాళం వేసి ఉంచండి, తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి.

ఆయన పేరున మీరు తయారు చేసి ఇస్తే సరిపోతుందా అన్న ఆలోచన వచ్చి ఉంటే, అదీ వద్దు. మీ సొంత వాడకానికి రీలోడ్ చేసుకోవడానికి సమాఖ్య లైసెన్సు అక్కర్లేదు. అమ్మకానికి చేస్తే మాత్రం తయారీదారు లైసెన్సు తీసుకోవాలి.

ఇక సరుకు దగ్గరికి వద్దాం. అయోమయం లేకుండా, ఈ జవాబులో బుల్లెట్ అంటే మొనదేలిన లోహపు ముక్క మాత్రమే, తూటా అంటే కేసు, ప్రైమర్, మందు, బుల్లెట్ అన్నీ కలిసినది.

మీరు గీతలూ జిగురూ చూసి భయపడుతున్నారు. నన్ను ఆపింది అవి కాదు, ఆ పదింట ఒకటి. గీతలకు కారణం మామూలే. కాలం చెల్లిన తూటాలను, తనిఖీలో తప్పిన వాటిని సైన్యం వదిలించుకున్నప్పుడు వాటిని విడగొడతారు. యంత్రం బుల్లెట్‌ను చుట్టూ పట్టుకుని లాగుతుంది, ఆ పట్టు గుర్తులే మీరు చూసిన గీతలు. నల్లటిది తారు. తేమ లోపలికి పోకుండా కేసు మూతి దగ్గర పూసే పూత అది. తారు ఉందంటే అది నిజంగా సైనిక తూటాలోంచి వచ్చిందనడానికి ఒక ఆనవాలే తప్ప దోషం కాదు. అయితే అలాగే వాడకండి. బుల్లెట్‌ను కేసులోకి దించే అచ్చులో (డై) పేరుకుంటుంది, కేసు మెడ ఒక్కో బుల్లెట్‌ను ఒక్కో రకంగా పట్టుకుంటుంది. మినరల్ స్పిరిట్‌తో ఆరుబయట తుడిస్తే పోతుంది. పెట్రోలు జోలికి వెళ్లకండి.

గోటికి తగిలీ తగలనట్టుండే గీతలను పట్టించుకోనక్కర్లేదు. చూడవలసింది అడుగు. మొన కొంచెం నొక్కుకుపోయినా వంద గజాల దగ్గర పెద్ద తేడా కనిపించదు. అడుగు అంచు ఒకవైపు వంగితే మాత్రం గురి చెదురుతుంది. గొట్టంలోంచి చివరగా బయటపడేది అడుగే. ఆ క్షణాన వెనక నుంచి తోసుకొచ్చే వాయువు అంచు వంగినవైపు ముందుగా తప్పించుకుని బుల్లెట్‌ను పక్కకు నెడుతుంది. ఫ్రాంక్లిన్ మాన్ అనే అమెరికన్ బుల్లెట్లను కావాలనే మొన దగ్గర కొన్ని, అడుగు దగ్గర కొన్ని పాడుచేసి కాల్చి చూశాడు. 1909లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అడుగు చెడినవే గురి తప్పాయి. అందుకని నమూనా బుల్లెట్లను అద్దం మీద అడుగు ఆన్చి నిలబెట్టండి. ఒరిగేవి పక్కకు. తర్వాత పడుకోబెట్టి దొర్లించండి, మొన గుండ్రంగా ఊగితే అవీ పక్కకు. నడుము గాడి దగ్గర రాగి తొడుగు చీలి సీసం కనిపిస్తుంటే పక్కకు కూడా వద్దు, సరాసరి తుక్కులోకే. తొడుగు గొట్టంలో ఉండిపోయి సీసం ఒక్కటే బయటికి పోతే, తర్వాతి తూటాకు ఆ తొడుగే అడ్డుగోడ అవుతుంది.

ఇప్పుడు ఆ పదింట ఒకటి. మీరు చెప్పిన సరుకు ఎం80, అంటే అమెరికన్ సైన్యపు మామూలు 7.62 రకం, అయ్యుండాలి. దాని బరువు దాదాపు 147 గ్రెయిన్లు, అంటే తొమ్మిదిన్నర గ్రాములు. లోపల సీసం, పైన రాగి మిశ్రమపు తొడుగు. కొన్ని దేశాల, కొన్ని కర్మాగారాల సరుకులో తొడుగు ఉక్కుతో చేసి పైన రాగి పూస్తారు, అలాంటివి అయస్కాంతానికి అంటుకుంటాయి. అంతవరకైతే నష్టం లేదు. కానీ అంటుకునేది తొడుగే అని ఎవరు చెప్పారు? లోపల ఉక్కు గుండు ఉన్నా అంటుకుంటుంది. కవచాన్ని ఛేదించే రకమైనా అంటుకుంటుంది. రష్యన్ సరుకైనా అంటుకుంటుంది.

ఈ చివరిదాన్ని కొంచెం దగ్గరగా చూడండి. రష్యన్ 7.62×54ఆర్ తూటాలో వాడే తేలిక రకం సైనిక బుల్లెట్ బరువు సుమారు 148 గ్రెయిన్లు. ఎం80కీ దానికీ తేడా ఒక్క గ్రెయిన్. మీ తూనిక ఎంత మంచిదైనా ఈ రెండింటినీ వేరు చేయలేదు, ఎందుకంటే ఒకే రకం సరుకులోనే అంతకంటే ఎక్కువ తేడా మామూలుగా ఉంటుంది. రెండింటినీ పిలవడం కూడా 7.62 అనే. కానీ మీ .308 గొట్టంలో గాడుల మధ్య వెడల్పు 0.308 అంగుళం. ఆ రష్యన్ బుల్లెట్ 0.310, ఒక్కోసారి 0.311 ఉంటుంది. చూపుకు అందని తేడాయే. అయినా ఉక్కు నింపిన బుల్లెట్ సీసంలా నలగదు, గొట్టంలో ఇరుక్కుంటూ పోతుంది, ఒత్తిడి ఎగబాకుతుంది. .308కి అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. మీ ముఖానికి జానెడు దూరంలో ఉండే సంగతి ఇది. పాత బ్రిటిష్ .303 బుల్లెట్లతోనూ ఇదే చిక్కు, వాటి వెడల్పు కూడా 0.311 దగ్గరే.

కాబట్టి మీకు కావలసింది మైక్రోమీటరు. డిజిటల్ కాలిపర్ మీ దగ్గర ఉండే ఉంటుంది, కానీ అది అంగుళంలో వెయ్యోవంతు దగ్గర తడబడుతుంది. ఈ పనికి పదివేలవంతు చూపించేది వాడాలి. బుల్లెట్‌లో నిలువుగా సమంగా ఉండే భాగాన్ని, అంటే నడుము గాడికి కొంచెం కింద, అడుగు సన్నబడడానికి పైన, పట్టుకుని కొలవండి. గాడి మీద కొలిస్తే తక్కువ చూపిస్తుంది. బుల్లెట్‌ను పావు వంతు తిప్పి మళ్లీ కొలవండి. 0.3075 నుంచి 0.308 మధ్య వస్తే మంచిది. 0.309 చూపించినా, 0.307కి దిగువకు పోయినా దాన్ని పెట్టెలోకి రానివ్వకండి. అయస్కాంతానికి అంటుకున్నవన్నీ విడిగా కొలవండి. అవి కూడా 0.308 చూపించాయనుకోండి, అప్పుడైనా మీ రేంజివాళ్లు ఒప్పుకుంటారా అని అడగాలి. బుల్లెట్లను ఆపే వెనక గోడలు పాడవుతాయని, నిప్పురవ్వలు లేస్తాయని చాలా ఇండోర్ రేంజిల్లో గుమ్మం దగ్గరే అయస్కాంతం పెట్టి చూస్తారు. ఉటా వంటి పడమటి రాష్ట్రాల్లో ఎండాకాలం ప్రభుత్వ భూముల్లో ఉక్కు గుండు తూటాలను నిషేధించే ఉత్తర్వులు వస్తుంటాయి. ఎండుగడ్డికి ఒక్క రవ్వ చాలు.

మొన మీద రంగు గురించి మీరు రాయలేదు. ఉంటే వదిలేయండి. రంగును బట్టి రకం కనిపెడదామనుకోవద్దు, దేశానికొక లెక్క. అమెరికన్ 5.56లో ఆకుపచ్చ మొన ఉంటే అది మామూలు ఎం855. సోవియట్ 7.62×39లో అదే ఆకుపచ్చ ఉంటే అది మండుతూ పోయే ట్రేసర్. అమెరికన్ 7.62లో ట్రేసర్‌కు నారింజ రంగు, కవచఛేదికి నలుపు. పాత సరుకులో రంగు సగం రాలిపోయి ఉంటుంది కూడా. అడుగున సీసం బదులు మట్టిలాంటి ముద్ద కనిపిస్తే అది ట్రేసర్ కావచ్చు. గీకి చూడడం, కోసి చూడడం, వేడిచేయడం ఏ పరిస్థితిలోనూ చేయకండి. లోపల ఏముందో చూడాలన్న కుతూహలంతో వేళ్లు పోగొట్టుకునేంత విలువ దానికి లేదు.

తూనిక పనికిరాదని కాదు. ఒక ముప్పై తూచి కాగితం మీద రాసుకోండి. వంటింటి తూనిక వద్దు, గ్రెయిన్‌లో పదోవంతు చూపించే రీలోడింగ్ తూనికే వాడండి. 146 నుంచి 148 మధ్య గుంపుగా వస్తే బరువు వరకు ఒకే రకం అనుకోవచ్చు, రష్యన్‌వి కలవలేదని తేల్చేది మాత్రం మైక్రోమీటరే. ఒక గుంపు 147 దగ్గర, ఇంకొక గుంపు 142 దగ్గర, నాలుగైదు 150 పైన వచ్చాయంటే, ఆ పెట్టెలో ఎవరెవరి మిగుళ్లో కలిశాయన్నమాట. పోటీలకు వాడే బుల్లెట్లలో తేడా గ్రెయిన్‌లో కొన్ని పదోవంతులే ఉంటుంది, దానితో వీటిని పోల్చి నిరుత్సాహపడకండి. ఇవి అందుకు చేసినవి కావు. సైనిక బుల్లెట్‌లో తొడుగును మొనవైపు నుంచి తొడిగి అడుగున మడుస్తారు కాబట్టి, అడుగు అంత నున్నగా రాదు. మంచి రైఫిల్‌లో కూడా వంద గజాల దగ్గర రెండు మూడు అంగుళాల గుంపు పడితే సంతోషించండి.

ఉచితంగా ఇస్తానన్న మందు సంగతి. ఊరికే వస్తే నాకొకటి, మా అన్నకొకటి అన్నట్టు ఉంటుంది మనకు. ఈ ఒక్కచోట చేతులు వెనక్కి పెట్టుకోండి. పొడిని చూసి, వాసన చూసి, గింజ ఆకారం చూసి ఏ మందో చెప్పగలిగినవాడు లేడు. గుండ్రటి గింజలతో ఒకేలా కనిపించే రెండు మందుల్లో ఒకటి నెమ్మదిగా, ఇంకొకటి భగ్గున మండుతుంది. సైనిక మందు అంటేనే చెడ్డదని అనడం లేదు. అమెరికాలో రీలోడింగ్ ఇంత పెరగడానికి అదే ఒక కారణం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రూస్ హాడ్జ్‌డన్ అనే ఆయన కాన్సాస్‌లో ప్రభుత్వ మిగులు 4895 మందును కొని, చిల్లరగా అమ్మి పెద్ద వ్యాపారం నిర్మించాడు. ఈనాటికీ దుకాణాల్లో దొరికే హెచ్335 అనే మందుకు మూలం సైన్యం వాడిన డబ్ల్యూసీ844. కానీ కర్మాగారంలో తూటాలు నింపేటప్పుడు ప్రతి లాటుకూ ఒత్తిడి కొలిచి మందు ఎంత పోయాలో మార్చుకుంటారు. ఆ కొలత మీకు దొరకదు. అచ్చయిన పుస్తకంలో ఉన్న లెక్క దుకాణంలో ముద్రవేసి అమ్మే డబ్బాకే వర్తిస్తుంది. సీసాలో పోసి ఇచ్చినదానికి ఏ లెక్కా లేదు.

సరే, నమూనా పరీక్షల్లో నెగ్గిందనుకుందాం. వెయ్యి ఒకేసారి కొనకండి. ఆయనను వంద అడగండి, విడిగా ఇవ్వనంటే వదిలేయండి. ఆ వందలోంచి ముందు మందూ ప్రైమరూ లేని ఉత్తుత్తి తూటాలు నాలుగైదు చేయండి. మొత్తం పొడవు .308కి గరిష్ఠంగా 2.810 అంగుళాలు. బుల్లెట్ మీద పాత గాడి ఉంది కదా అని దాన్నే గుర్తుగా పెట్టుకుని దించకండి. అది వాళ్ల కేసుకు, వాళ్ల మర తుపాకీకి వేసిన గాడి. పొడవు కొలిచి రాసుకుని, ఆ తూటాను నిలువుగా పట్టుకుని మొనను చెక్క బల్లకు ఆన్చి బొటనవేలితో గట్టిగా అదమండి. మళ్లీ కొలవండి. పొడవు తగ్గిందంటే మెడ పట్టు చాలడం లేదు. పీకిన బుల్లెట్లలో ఇది తరచుగా వచ్చే తంటా. లాగినప్పుడు నడుము నలిగి కొంచెం సన్నబడి ఉంటుంది. అలాంటి తూటా మ్యాగజైన్‌లోంచి ఎక్కేటప్పుడు బుల్లెట్ లోపలికి దిగిపోతే మందుకు చోటు తగ్గి ఒత్తిడి హద్దు దాటుతుంది.

మందు ఎంత అన్నది నేను చెప్పను, చెప్పకూడదు కూడా. లైమన్, హార్నడీ, సియెర్రా పుస్తకాల్లో మీ దగ్గరున్న మందుకు, 150 గ్రెయిన్ల పూర్తి తొడుగు బుల్లెట్‌కు ఇచ్చిన ఆరంభ కొలత చూడండి. అక్కడినుంచే మొదలుపెట్టండి, అంతకుముందు కొత్త బుల్లెట్లతో మీరు కుదుర్చుకున్న కొలత దగ్గరినుంచి కాదు. ఐదేసి చొప్పున కాల్చి కేసులూ ప్రైమర్లూ చూసుకుంటూ వెళ్లండి. రేపు అదే మనిషి దగ్గర ఇంకొక పెట్టె కొంటే అది కొత్త సరుకే, మళ్లీ మొదటినుంచి. పేలిన శబ్దం మందకొడిగా వినిపిస్తే ఆపి, గొట్టంలోంచి వెలుతురు కనబడేదాకా తర్వాతి తూటా ఎక్కించవద్దు.

ఇంట్లో పిల్లలున్నారా లేదా మీరు రాయలేదు, ఉన్నారనే అనుకుంటాను. పాత బుల్లెట్ల అడుగున సీసం బయటికే ఉంటుంది. తెల్లటి బూజులా కనిపించేది సీసపు తుప్పు. దొర్లించి శుభ్రం చేసే యంత్రంలోంచి లేచే ధూళిలోనూ సీసం ఉంటుంది. ఆ పని గ్యారేజి బయట పెట్టుకోండి. వంటపాత్రలూ జల్లెడలూ అటు తీసుకెళ్లకండి, అమ్మగారు ఊరుకోరన్నది ఒక కారణం మాత్రమే. చేతులు చన్నీళ్లతో సబ్బు పెట్టి కడుక్కోండి, ఆ బట్టలు విడిగా ఉతకండి.

బేరం గిట్టుబాటేనా? మీరు చెప్పిన ధరకు బుల్లెట్ పది సెంట్లు. అయస్కాంతానికి అంటినవి నూరు, అడుగు వంగినవీ కొలత తప్పినవీ ఇంకొక యాభై తీసేస్తే మిగిలే ఎనిమిదివందల యాభైకి ఒక్కోటి పన్నెండు సెంట్లకు కాస్త తక్కువ. కొత్తది ఇరవై. ప్రైమరూ మందూ ఎలాగూ మారవు. అంటే తూటాకు ఎనిమిది సెంట్ల ఆదా, ఆ ఎనిమిదివందల యాభైకి లెక్కేస్తే ఒక డెబ్బై డాలర్లు. దానికోసం వెయ్యీ చూసి, తుడిచి, కొలిచి వేరు చేయాలి. ఆ పని మీకు ఇష్టమైతే తీసుకోండి. చాలామందికి ఇష్టమే, నాకూ ఇష్టమే. విసుగైతే కొత్తవి కొనుక్కోండి, అందులో సిగ్గుపడేది ఏమీ లేదు. వేటకు మాత్రం ఇవి పనికిరావు. పూర్తి తొడుగు బుల్లెట్ జంతువును శుభ్రంగా చంపదు, చాలా రాష్ట్రాలు పెద్ద జంతువుల వేటకు దాన్ని ఒప్పుకోవు.

మీరు చెప్పిన ఆ సరుకు మీద నా మాట అడిగితే, ఆ మనిషి అయస్కాంతం పట్టేవి ఏమిటో, ఎక్కడినుంచి వచ్చాయో చెప్పగలిగితే వంద కొనండి. ‘అన్నీ ఒకటే సార్, కాల్చుకోండి’ అంటే నమస్కారం పెట్టి పక్క బల్ల దగ్గరికి వెళ్లండి.

నాన్నగారికి మాత్రం ఏమీ తేకండి. మన దగ్గర ఆయుధాల చట్టం 1959 నాటిది, లైసెన్సు లేకుండా ఒక్క తూటా సంచిలో దొరికినా విమానాశ్రయంలోనే కేసు. పొరపాటున ఉండిపోయిందని తేలినప్పుడు హైకోర్టులు కొట్టేసిన కేసులు ఉన్నాయి నిజమే, కానీ అక్కడిదాకా వెళ్లాలంటే సెలవంతా వకీళ్ల చుట్టూ తిరగాలి. ‘ఇందులో మందు లేదు, ఉత్త బుల్లెట్టే’ అని భద్రతా సిబ్బందికి అర్ధరాత్రి వివరించే పని మీకెందుకు? ఆయన వాడిన ఎస్.ఎల్.ఆర్. కూడా ఈ 7.62×51 తూటాదే. అద్దం మీద పక్కపక్కన పేర్చి మంచి ఫొటోలు తీసి పంపండి, ఏది ఏ రకమో ఆయనే మీకు చెప్పినా ఆశ్చర్యం లేదు. బయలుదేరే ముందు రేంజికి తీసుకెళ్లే సంచినీ, ఆ చొక్కా జేబులనూ ఒకసారి బోర్లించి చూసుకోండి. అసలు ఆ సంచిని ప్రయాణానికే వాడకండి.